ఒక చెవికి ఎక్కువ, మరో చెవికి తక్కువ: కంప్యూటర్ స్టీరియో ధ్వనిలో అసమానతకు కారణాలు, సరిచేసే క్రమం

కంప్యూటర్‌లో పాట పెట్టినప్పుడు గాయకుని గొంతు ఎదురుగా నిలవక ఒక పక్కకు ఒరిగినట్లు అనిపించడం, ఆన్‌లైన్ పాఠంలో అధ్యాపకుని మాట ఒక చెవికే అందడం, రెండు స్పీకర్లలో ఒకటి గట్టిగా పలుకుతుంటే రెండోది నీరసంగా మోగడం... ఇవన్నీ ఒకే సమస్యకు వేర్వేరు రూపాలు. స్టీరియో ధ్వనిలోని ఎడమ, కుడి భాగాలు సమానంగా వినిపించకపోవడమే ఆ సమస్య. ఈ లోపం తలెత్తగానే కొందరు కొత్త హెడ్‌ఫోన్ కొంటారు. మరికొందరు కంప్యూటర్‌ను మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తారు. లోపం ఎక్కడ ఉందో తేల్చుకోకుండా చేసే ఈ ఖర్చు తరచుగా వృథా అవుతుంది. చెవి, హెడ్‌ఫోన్, తీగ, జాక్, సెట్టింగ్స్, మదర్‌బోర్డు – వీటిలో దేనిలోనైనా లోపం ఉండవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా వేరుచేసి చూసే పద్ధతి తెలిస్తే చాలా సందర్భాల్లో ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా అసలు కారణాన్ని గుర్తించవచ్చు.

స్టీరియో అంటే ఏమిటి?

రెండు వేర్వేరు ధ్వని మార్గాల ద్వారా ఒకే సంగీతాన్ని వినిపించి, శబ్దాలు వేర్వేరు దిశల నుంచి వస్తున్న అనుభూతిని కలిగించే విధానమే స్టీరియో. బ్రిటన్‌లోని ఈఎంఐ సంస్థలో ఇంజినీరుగా పనిచేసిన అలన్ బ్లమ్‌లీన్ 1931 డిసెంబరులో ఈ విధానానికి సంబంధించిన పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. నేటి స్టీరియో రికార్డింగ్‌కు పునాది వేసిన కృషిలో అది ప్రధానమైనది.

మనిషి మెదడు రెండు చెవులకు అందే శబ్దంలోని తీవ్రత భేదాన్ని, కాల భేదాన్ని పోల్చుకొని దిశను నిర్ణయిస్తుంది. రెండు వైపులా ఒకే తీవ్రతతో వచ్చే గొంతు సరిగ్గా మధ్యలో ఉన్నట్లు తోస్తుంది. ఒక వైపు బలం తగ్గితే గొంతు రెండో వైపుకు జరుగుతుంది. శ్రద్ధగా వినేవారు ఒక డెసిబెల్ తేడాను కూడా పసిగట్టగలరు. తేడా 15 నుంచి 20 డెసిబెల్స్‌కు చేరితే శబ్దం పూర్తిగా ఒక పక్క నుంచే వస్తున్నట్లు అనిపిస్తుంది. అందువల్ల ఒక వైపు పూర్తిగా మూగబోనక్కరలేదు, కొంత తగ్గినా వినేవారికి అసౌకర్యం కలుగుతుంది.

తొలి పరీక్ష: అటుదిటు మార్చి వినడం

పరీక్షకు ముందు కంప్యూటర్‌లో మోనో ఆడియో అనే సదుపాయం ఆన్‌లో ఉంటే ఆపివేయాలి. అది రెండు మార్గాలను కలిపివేసి కొన్ని లోపాలను కప్పిపుచ్చుతుంది. తర్వాత గొంతు మధ్యలో వినిపించే పాటను ఒకదాన్ని ఎంచుకోవాలి.

హెడ్‌ఫోన్‌ను మామూలుగా ధరించి ఏ చెవికి శబ్దం తక్కువగా ఉందో గమనించాలి. తర్వాత దాన్ని తిప్పి, ఎడమ భాగం కుడి చెవికి, కుడి భాగం ఎడమ చెవికి వచ్చేలా పెట్టుకోవాలి. బలహీనత ఇంకా అదే చెవికి అంటిపెట్టుకొని ఉంటే లోపం కంప్యూటర్‌లో గానీ, హెడ్‌ఫోన్‌లో గానీ లేదని అర్థం. ఆ చెవి వినికిడినో, ఆ వైపు హెడ్‌ఫోన్ సరిగా అతుక్కోకపోవడాన్నో అనుమానించాలి. కళ్లజోడు కాడ, జుట్టు అడ్డుపడి ఖాళీ ఏర్పడినా మంద్ర ధ్వనులు జారిపోయి ఆ వైపు శబ్దం పలచబడుతుంది. బలహీనత రెండో చెవికి మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో ఉంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి అదే హెడ్‌ఫోన్‌ను ఫోనుకో, టీవీకో, మరో కంప్యూటర్‌కో తగిలించాలి. అక్కడా అదే భాగం నీరసంగా ఉంటే తప్పు హెడ్‌ఫోన్‌దే. అక్కడ రెండు వైపులా సమానంగా వినిపిస్తే కంప్యూటర్ వైపు చూడాలి. స్పీకర్ల విషయంలో ఎడమ, కుడి తీగలను వెనుక భాగంలో ఒకదాని స్థానంలో మరొకటి తగిలించాలి. తీగలు తీసి పెట్టేటప్పుడు స్పీకర్ల విద్యుత్తును ఆపివేయాలి. బలహీనత అదే పెట్టెలో నిలిచిపోతే ఆ పెట్టె లోపం, రెండో పెట్టెకు మారితే దానికి ముందున్న భాగాల లోపం. చెవి ఆకారానికి తగ్గట్టు మలచిన చిన్న ఇయర్‌ఫోన్లను తిప్పి పెట్టుకోవడం కుదరకపోతే మరో జతతో పోల్చి చూడవచ్చు.

ఈ క్రమంలో పాటించవలసిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. హెడ్‌ఫోన్‌ను, సెట్టింగ్‌ను ఒకేసారి మారిస్తే ఫలితం దేని వల్ల వచ్చిందో తెలియదు.

లోపం చెవిలో ఉంటే

ఫోన్ రిసీవర్‌ను ఒకే శబ్దస్థాయిలో ఉంచి ఒక చెవి తర్వాత మరో చెవికి ఆనించి వింటే వినికిడిలో తేడా ఉందో లేదో స్థూలంగా తెలుస్తుంది. గులిమి పేరుకుపోవడం, జలుబు వల్ల చెవి దిబ్బడ వేయడం సాధారణ కారణాలు. గులిమిని పిన్నీసుతోనో, దూది పుల్లతోనో తీయడానికి ప్రయత్నిస్తే అది మరింత లోపలికి పోతుంది, కర్ణభేరికి గాయమయ్యే ప్రమాదమూ ఉంది. ఆ పనిని వైద్యునికి వదిలేయాలి.

ఒక చెవిలో వినికిడి ఉన్నట్టుండి, గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో తగ్గిపోతే దాన్ని అత్యవసర పరిస్థితిగా భావించాలి. చెవిలో హోరు, తల తిరగడం దీనికి తోడు కావచ్చు. లోపలి చెవి నరాలకు సంబంధించిన ఈ సమస్యకు చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత మెరుగ్గా ఉంటుంది. హెడ్‌ఫోన్ పాడైందని అనుకుంటూ వారాలు గడిపేస్తే ఆ అవకాశం చేజారవచ్చు. చెవి, ముక్కు, గొంతు వైద్యుని వెంటనే సంప్రదించాలి. హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకొని చూసే చిన్న పరీక్షకు ఇంతటి ప్రాధాన్యం ఉండటానికి కారణం ఇదే.

లోపం రికార్డింగ్‌లో ఉంటే

పరికరాలన్నీ సవ్యంగా ఉన్నా పాటలోనో, వీడియోలోనో అసమానత ఉండవచ్చు. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో, ముఖ్యంగా 1960వ దశకంలో, కొన్ని రికార్డింగులలో గాత్రాన్ని ఒక వైపు, వాద్యాలను మరో వైపు పూర్తిగా విడగొట్టి ఉంచేవారు. ఒకే మైకును స్టీరియో రికార్డర్‌కు తగిలించి తీసిన పాఠాలు, ప్రసంగాలలో మాట తరచుగా ఎడమ మార్గంలోనే నమోదై ఉంటుంది. అందువల్ల కనీసం రెండు మూడు వేర్వేరు పాటలు, వీడియోలతో పరీక్షించాలి. ఒక్క వీడియోలోనే తేడా ఉంటే లోపం ఆ వీడియోదే. అలాంటి పాఠాలు వినేటప్పుడు మోనో ఆడియోను ఆన్ చేస్తే మాట రెండు చెవులకూ సమానంగా అందుతుంది.

పిన్, జాక్, తీగ

హెడ్‌ఫోన్లకు సాధారణంగా వాడే పిన్ వ్యాసం 3.5 మిల్లీమీటర్లు. దానిపై ఉన్న నల్లని వలయాలు లోహ భాగాలను ఒకదాని నుంచి మరొకటి వేరుచేస్తాయి. ఒకే వలయం ఉంటే అది మోనో పిన్. రెండు వలయాలుంటే స్టీరియో. మూడు వలయాలుంటే మైకు కూడా కలిసి ఉన్నదని గుర్తు. స్టీరియో పిన్‌లో కొన భాగం ఎడమ ధ్వనిని, మధ్య భాగం కుడి ధ్వనిని మోస్తాయి. మొదలు వైపు ఉన్న భాగం రెండింటికీ ఉమ్మడి తీగ. మోనో పిన్ ఉన్న తీగనో, అడాప్టర్‌నో మధ్యలో వాడితే ఒక వైపు శబ్దమే వస్తుంది.

పిన్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ఎక్కువగా కనిపించే కారణం. ల్యాప్‌టాప్ కవరు అడ్డుపడటం, జాక్‌లో దుమ్ము, నూలు పోగులు పేరుకోవడం వల్ల పిన్ చివరి మిల్లీమీటరు దూరం ఆగిపోతుంది. కంప్యూటర్‌ను ఆపివేసి, పొడి గాలిని ఊది లేదా సన్నని చెక్క పుల్లతో మృదువుగా దుమ్మును తీయాలి. లోహపు సూదులను లోపల పెట్టరాదు. పిన్‌ను పొడి బట్టతో తుడిచి, జాక్‌లో ఉంచి మెల్లగా గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పినప్పుడు శబ్దం వస్తూ పోతూ ఉంటే జాక్ లోపలి స్పర్శ పలకలు వదులయ్యాయని భావించాలి. తీగను పిన్ దగ్గర, హెడ్‌ఫోన్ దగ్గర అటూ ఇటూ వంచినప్పుడు తేడా వస్తే లోపల తీగ తెగింది. తీగలు ఎక్కువగా తెగేది ఈ రెండు చోట్లనే.

మరో లక్షణం వినియోగదారులను తికమక పెడుతుంది. పాటలో వాద్యాలు వినిపిస్తూ గాయకుని గొంతు మాత్రం మాయమవుతుంది, లేదా నూతిలో నుంచి వచ్చినట్లు ఉంటుంది. ఉమ్మడి తీగ స్పర్శ తప్పినప్పుడు ఇలా జరుగుతుంది. అప్పుడు ఎడమ, కుడి ధ్వనుల మధ్య ఉన్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది. రెండింటిలో సమానంగా ఉన్న గొంతు ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. నాలుగు భాగాల పిన్‌లలో మైకు, ఉమ్మడి తీగల స్థానాలు రెండు రకాలుగా ఉంటాయి. పాత ప్రమాణం ప్రకారం తయారైన హెడ్‌సెట్‌ను కొత్త పరికరానికి తగిలించినా ఇదే లక్షణం కనిపిస్తుంది. హెడ్‌సెట్ మీద మైకు బటన్‌ను నొక్కి పట్టుకున్నప్పుడు ధ్వని బాగుపడితే కారణం ఈ పొంతన లేమి అని నిర్ధారించవచ్చు. తగిన అడాప్టర్‌తో అది సరవుతుంది.

డెస్క్‌టాప్ కంప్యూటర్ వెనుక భాగంలో స్పీకర్లకు, హెడ్‌ఫోన్లకు లేత ఆకుపచ్చ జాక్, మైకుకు గులాబీ రంగు జాక్, బయటి ధ్వనిని లోపలికి తీసుకోవడానికి లేత నీలి జాక్ ఉంటాయి. ముందు జాక్‌లో తేడా ఉండి వెనుక జాక్‌లో లేకపోతే, ముందు ప్యానెల్‌ను మదర్‌బోర్డుకు కలిపే లోపలి తీగను పరిశీలించాలి.

సెట్టింగ్స్‌లో చూడవలసినవి

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ అనే క్రమంలో వెళ్లి, ధ్వని వెలువడే పరికరాన్ని ఎంచుకుంటే లెఫ్ట్ ఛానల్, రైట్ ఛానల్ అనే రెండు స్లైడర్లు కనిపిస్తాయి. రెండింటి అంకెలు సమానంగా ఉండాలి. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ విభాగంలో పరికరం ప్రాపర్టీస్ తెరిచి, లెవెల్స్ ట్యాబ్‌లో బ్యాలెన్స్ బటన్‌ను నొక్కాలి. విండోస్ ఒక్కో పరికరానికి ఒక్కో అమరికను గుర్తుపెట్టుకుంటుంది. స్పీకర్లలో సరిగా ఉండి హెడ్‌ఫోన్లలోనే తేడా ఉంటే, హెడ్‌ఫోన్ తగిలించి ఉన్నప్పుడే ఈ అంకెలను చూడాలి.

అదే పేజీలో ఉండే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, స్పేషియల్ సౌండ్ సదుపాయాలను ఆపివేసి మళ్లీ వినాలి. కంప్యూటర్ తయారీదారు ముందే ఇచ్చిన ధ్వని అలంకరణ యాప్‌లు, ఈక్వలైజర్లు కూడా అసమానతకు కారణం కావచ్చు. రెండే స్పీకర్లు ఉండగా కంప్యూటర్‌లో 5.1 అమరిక ఎంచుకొని ఉంటే, మధ్య స్పీకర్‌కు వెళ్లవలసిన సంభాషణలు బలహీనపడతాయి. దాన్ని స్టీరియోకు మార్చాలి.

యాపిల్ కంప్యూటర్లలో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని సౌండ్ విభాగంలో బ్యాలెన్స్ స్లైడర్ ఉంటుంది. అది సరిగ్గా మధ్యలో ఉండాలి. లినక్స్‌లో ఆల్సామిక్సర్ అనే సాధనం ద్వారా ఎడమ, కుడి స్థాయిలను విడివిడిగా చూడవచ్చు. అక్కడ ఒక్కో మార్గానికి ఒక్కో అంకె కనిపిస్తుంది. సెట్టింగ్స్ సమానంగా ఉన్నా ఫలితం లేకపోతే ధ్వని డ్రైవర్‌ను డివైస్ మేనేజర్ నుంచి తొలగించి, కంప్యూటర్‌ను పునఃప్రారంభించి చూడాలి. సిస్టమ్ అప్‌డేట్ తర్వాతే లోపం మొదలైతే పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లడం మంచిది.

స్పీకర్లలో తేడా

బల్లపై ఉంచే స్పీకర్లలో శబ్దాన్ని పెంచే మీట తరచుగా అసమానతకు మూలమవుతుంది. ఒకే ఇరుసుపై తిరిగే రెండు కార్బన్ పట్టీలు ఎడమ, కుడి మార్గాలను నియంత్రిస్తాయి. మీట అట్టడుగున ఉన్నప్పుడు ఆ రెండింటి నిరోధం అచ్చంగా సమానంగా ఉండదు. అందువల్ల తక్కువ శబ్దంలో ఒక పక్కే వినిపించి, మీట పెంచేకొద్దీ రెండూ సమానమవుతాయి. ఈ లక్షణం కనిపిస్తే ముందుగా కంప్యూటర్‌లో శబ్దాన్ని బాగా తగ్గించి, మీటను సగం వరకు తిప్పి ఉంచి, ఆపై శబ్దాన్ని కంప్యూటర్ నుంచే పెంచుకోవాలి. మీట తిప్పినప్పుడు గరగర శబ్దం వస్తే లోపల దుమ్ము చేరిందని అర్థం. మరమ్మతు దుకాణంలో కాంటాక్ట్ క్లీనర్ చల్లితే చాలాసార్లు అది సరవుతుంది.

గది కూడా శబ్దాన్ని మారుస్తుంది. ఒక స్పీకర్ గది మూలలో, మరొకటి తెరిచిన తలుపు పక్కన ఉంటే మూలలో ఉన్నదాని మంద్ర ధ్వని బలపడుతుంది. రెండు స్పీకర్లు, వినేవారు కలిసి సమబాహు త్రిభుజంలా ఉండేలా, రెండూ చెవి ఎత్తులో, గోడల నుంచి సమాన దూరంలో ఉండేలా అమర్చాలి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్

తీగ లేని ఇయర్‌బడ్స్‌లో ఒక్కోదానికి విడి బ్యాటరీ ఉంటుంది. ఒకటి సరిగా ఛార్జ్ కాకపోతే ఆ వైపు ఆగిపోతుంది. రెండింటినీ పూర్తిగా ఛార్జ్ చేసి, కంప్యూటర్‌లో పాత జతను తొలగించి మళ్లీ జత చేయాలి. ఒక వైపు శబ్దం నెలల తరబడి క్రమంగా తగ్గుతూ వచ్చిందంటే జాలీకి గులిమి పట్టి ఉండవచ్చు. పొడిగా ఉన్న మెత్తని కుంచెతో, జాలీని కిందికి తిప్పి శుభ్రం చేయాలి. నీటితో కడగరాదు. సమావేశంలో మైకు వాడటం మొదలుపెట్టగానే సంగీతం నాణ్యత పడిపోయి మోనోగా మారడం మాత్రం లోపం కాదు. చాలా బ్లూటూత్ పరికరాలు మైకు పనిచేసేటప్పుడు సంభాషణ విధానానికి మారతాయి.

లోపం మదర్‌బోర్డులో ఉంటే

పై పరీక్షలన్నీ కంప్యూటర్ వైపే వేలు చూపితే చివరిగా యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌తో పరీక్షించాలి. ఇది కంప్యూటర్‌లోని జాక్‌ను, ధ్వని చిప్‌ను పక్కనపెట్టి తన సొంత చిప్‌తో శబ్దాన్ని ఇస్తుంది. దానిలో రెండు వైపులా సమానంగా వినిపిస్తే సాఫ్ట్‌వేర్ బాగున్నట్లే. జాక్‌లోనో, చిప్ పరిసరాల్లోనో లోపం ఉంది. మదర్‌బోర్డు మార్చడం కంటే ఆ అడాప్టర్‌నే శాశ్వతంగా వాడుకోవడం చాలామందికి చౌకైన పరిష్కారం. అడాప్టర్‌లోనూ అదే తేడా ఉంటే మళ్లీ సెట్టింగ్స్‌కు, యాప్‌లకు తిరిగి రావాలి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవారు హెడ్‌ఫోన్ పిన్‌ను విప్పి ఉంచి, కొన భాగానికి – ఉమ్మడి భాగానికి, మధ్య భాగానికి – ఉమ్మడి భాగానికి మధ్య నిరోధం కొలవవచ్చు. రెండు అంకెలు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువగా ఉన్నా, అసలు చూపకపోయినా ఆ వైపు తీగ తెగినట్లే. అలాంటి తీగకు కొత్త పిన్ సోల్డర్ చేయించడం కొత్త హెడ్‌ఫోన్ కొనడం కంటే తక్కువ ఖర్చుతో ముగుస్తుంది.

వారంటీ గడువు ఉన్న కంప్యూటర్‌ను వినియోగదారు సొంతంగా విప్పరాదు. బిల్లుతో తయారీదారు సేవా కేంద్రాన్ని సంప్రదించాలి. ఏ పరీక్షలు చేశారో, ఏ ఫలితం వచ్చిందో కాగితంపై రాసి ఇస్తే అనవసర భాగాలు మార్చే అవకాశం తగ్గుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో పలు సంస్థల మరమ్మతు, వారంటీ సమాచారం లభిస్తుంది. సేవలో లోపం ఉంటే 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

శబ్దం పెంచడం పరిష్కారం కాదు

కారణం వెతకకుండా మొత్తం శబ్దాన్ని పెంచి బలహీనమైన వైపును వినడం చాలామందికి అలవాటు. దీనివల్ల బాగున్న వైపు చెవిపై భారం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షిత సమయం సగానికి తగ్గుతుంది. ఒక వైపు 6 డెసిబెల్స్ తగ్గిందని మొత్తం శబ్దాన్ని అంతే పెంచితే బాగున్న చెవికి 86 డెసిబెల్స్ అందుతాయి. అప్పుడు 40 గంటల సురక్షిత సమయం 10 గంటలకు కుదించుకుపోతుంది. పిల్లలకు సూచించిన పరిమితి 75 డెసిబెల్స్ మాత్రమే.

బ్యాలెన్స్ స్లైడర్‌ను ఒక పక్కకు జరిపి సరిపెట్టుకోవడం కూడా తాత్కాలిక ఉపశమనమే. తెగుతున్న తీగ రేపు పూర్తిగా తెగుతుంది. తగ్గుతున్న వినికిడి అయితే స్లైడర్ మాటున కనిపించకుండా పోతుంది. అందువల్ల ముందు హెడ్‌ఫోన్‌ను తిప్పి చెవిని, తర్వాత మరో పరికరంతో హెడ్‌ఫోన్‌ను, ఆపై మరో పాటతో రికార్డింగ్‌ను, పిన్‌ను, సెట్టింగ్స్‌ను, చివరిగా యూఎస్‌బీ అడాప్టర్‌తో కంప్యూటర్‌ను పరీక్షించే క్రమాన్ని పాటించాలి. తీగకైతే కొత్త పిన్ దొరుకుతుంది, జాక్‌కైతే అడాప్టర్ దొరుకుతుంది. చెవి దగ్గరే లోపం ఉందని తొలి పరీక్షలో తేలితే మిగిలిన పరీక్షలన్నీ పక్కనపెట్టి వైద్యుని దగ్గరకు వెళ్లడమే సరైన మార్గం.